లైట్లు వెలగకపోతే చక్రాలు దిగనట్టే: ఒక బెల్లీ ల్యాండింగ్ కేసు

ఈ కేసులో ఎవరికీ దెబ్బ తగల్లేదు. విమానం పొట్ట మీద జారుకుంటూ రన్‌వే మధ్యలో ఆగింది, ప్రొపెల్లర్ రెక్కలు వెనక్కి వంగిపోయాయి, తిరుగుతున్న ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోయింది కాబట్టి దాన్ని మొత్తం విప్పి చూడాల్సి వచ్చింది. లోపల ఉన్న ఇద్దరూ తలుపు తీసుకుని నడిచి బయటికొచ్చారు. ఆ పైలట్‌కి ఆ రకం విమానం మీద శిక్షణ ఇచ్చి, ఒంటరిగా నడపొచ్చని సంతకం పెట్టింది నేనే. తర్వాత మా క్లబ్ తరఫున కారణాలు వెతికిన వాళ్లలోనూ నేనున్నాను. రెండూ ఒకే మనిషి చేయడం సరికాదని నేనే అడిగితే, నా శిక్షణకు సంబంధించిన భాగం వరకు ఇంకో ఇన్‌స్ట్రక్టర్ చూశారు. ఆయన తేల్చింది ఇక్కడ దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే ఈ కేసులో అసలు విషయం అక్కడే ఉంది.

ముందు విమానం గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. నాలుగు సీట్లు, ఒకే పిస్టన్ ఇంజిన్, చక్రాలు లోపలికి ముడుచుకునే రకం. గేర్‌ని, అంటే ఆ చక్రాలని, పైకి లాగేది, కిందికి దించేది ఒక హైడ్రాలిక్ (నూనె ఒత్తిడితో నడిచే) పంపు, ఆ పంపుని తిప్పేది ఎలక్ట్రిక్ మోటారు. చక్రాలు పైన ఉన్నప్పుడు వాటిని పట్టి ఉంచడానికి కొక్కేల్లాంటివి ఏమీ ఉండవు, హైడ్రాలిక్ ప్రెషర్ ఒక్కటే పట్టి ఉంచుతుంది. ఆ ప్రెషర్ వదిలేస్తే చక్రాలు తమ బరువుకే కిందికి జారి, స్ప్రింగుల సాయంతో లాక్ అయిపోతాయి. ప్రెషర్ వదలడానికి రెండు సీట్ల మధ్య, నేలకి దగ్గరగా ఒక చిన్న లివర్ ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా పనిచేస్తుంది.

ఇంజిన్ సంగతి కూడా అంతే. ఈ ఇంజిన్లకి స్పార్క్ ఇచ్చేది మ్యాగ్నెటోలు, ఇంజిన్ తిరిగితే తమంతట తామే స్పార్క్ పుట్టించే పరికరాలు, వాటికి విమానం బ్యాటరీతో సంబంధం లేదు. ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) పోయినా, బ్యాటరీ పోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. స్పీడ్ చూపించే మీటరు, ఎత్తు చూపించే మీటరు గాలి ప్రెషర్ మీద నడుస్తాయి, దిక్సూచి దానంతటదే చూపిస్తుంది. అంటే మంచి వాతావరణంలో, పగటి పూట, ఈ విమానంలో కరెంటు మొత్తం పోవడం అనేది చిరాకు పెట్టే విషయమే తప్ప ప్రాణాల మీదికొచ్చేది కాదు. ఆ రోజు ట్యాంకుల్లో ఇంకా మూడు గంటల పైన ఫ్యూయల్ ఉంది.

ఆ రోజు ఏం జరిగింది

పైలట్‌కి మొత్తం 180 గంటల అనుభవం, ఈ రకం మీద 22 గంటలు. పక్కన ఒక స్నేహితుడు, అతనికి చిన్న విమానం ఎక్కడం అదే మొదటిసారి. 4,500 అడుగుల్లో వెళ్తున్నారు, ఆకాశం తేటగా ఉంది, దిగాల్సిన చోటికి ఇంకో నలభై నిమిషాలు. టవర్ ఉన్న ఎయిర్‌పోర్టు, అంటే అక్కడి కంట్రోలర్లతో రేడియోలో మాట్లాడి దిగాల్సిన చోటు.

ఆల్టర్నేటర్ ఎప్పుడు పోయిందో అతనికి తెలియదు. హెచ్చరిక లైటు వెలిగే ఉంటుంది, కానీ అది ప్యానెల్ మీద చిన్న లైటు, ఆ సమయంలో ఎండ సూటిగా దాని మీద పడుతోంది. ఎంత కరెంటు వస్తోందో చూపించే మీటరు కుడి వైపు కింద, పక్క సీటు వాళ్ల మోకాలి ఎదురుగా ఉంటుంది. దాన్ని పది నిమిషాలకోసారి చూడాలని అందరికీ చెప్తాం, అందరూ తలాడిస్తారు. అతను గమనించింది రేడియో డిస్‌ప్లే మసకబారాకే. అప్పటికి బ్యాటరీ ఎంతసేపటి నుంచి ఒంటరిగా మొత్తం లోడ్ మోస్తోందో లెక్కేస్తే దాదాపు పాతిక నిమిషాలు వచ్చింది. టేకాఫ్ అప్పటి ల్యాండింగ్ లైటు కూడా ఇంకా వెలుగుతూనే ఉంది.

ఇక్కడి నుంచి మాకు సాయపడింది అతని ట్యాబ్లెట్. అది సొంత బ్యాటరీ మీద నడుస్తూ జీపీఎస్ ద్వారా దారి, ఎత్తు, స్పీడ్ అన్నీ రికార్డు చేసుకుంది. ఆ గీత చూస్తే మనిషి తల ఎటు తిరిగి ఉందో దాదాపు చెప్పేయొచ్చు. రేడియో మసకబారింది అన్న దగ్గర నుంచి మూడు నిమిషాల్లో విమానం 450 అడుగులు కిందికి జారింది, ముక్కు ఎడమ వైపు ఇరవై డిగ్రీలు తిరిగింది. అతనికి ఈ రెండూ తెలియవు. నేను ఆ గీత చూపించినప్పుడు నమ్మలేదు, ఫైల్ మారిపోయిందేమో చూడండి మేడమ్ అన్నాడు.

ఆ మూడు నిమిషాలూ అతను ఆల్టర్నేటర్ స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తున్నాడు. ఒకసారి చేసి చూడమని చెక్‌లిస్ట్ కార్డు మీద ఉంది, అతను నాలుగైదు సార్లు చేశాడు. సర్క్యూట్ బ్రేకర్‌ని లాగి మళ్లీ నొక్కాడు, అది కూడా రెండు సార్లు. నిజానికి ఆ బ్రేకర్ బయటికి రానే లేదు. తర్వాత తెలిసింది ఏంటంటే, సీట్లో కూర్చుని అతను ఏం నొక్కినా ఆ ఆల్టర్నేటర్ తిరిగి వచ్చే అవకాశమే లేదు.

ఒక రేడియో ఆఫ్ చేశాడు. ల్యాండింగ్ లైటు, స్ట్రోబ్ (రెక్కల మీద మెరిసే లైటు), ఛార్జింగ్ పోర్టు, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి విమానం కోడ్ పంపే పరికరం) అలాగే ఉండిపోయాయి. ఇంకో పది నిమిషాలకి మిగిలిన రేడియో కూడా గరగరమని ఆగిపోయింది. రేడియో లేకుండా టవర్ ఉన్న చోట ఎలా దిగాలి అన్న టెన్షన్ అక్కడి నుంచి మొదలైంది, ల్యాండ్ అయ్యేదాకా తగ్గలేదు. ట్రాన్స్‌పాండర్‌లో రేడియో పోయిందని చెప్పే 7600 కోడ్ పెట్టాలని గుర్తొచ్చేసరికి దాని స్క్రీన్ కూడా నల్లబడింది. అప్పుడు ఫోన్ తీశాడు. టవర్ నంబరు వెతకమని స్నేహితుడికిచ్చాడు, ఇంజిన్ మోతలో ఇద్దరూ అరుచుకుంటూ నంబరు పట్టుకున్నారు, రెండు సార్లు కట్ అయింది.

మూడోసారి ఫోన్ కలిసేసరికి విమానం డౌన్‌విండ్‌లో, అంటే దిగేముందు రన్‌వేకి సమాంతరంగా ఎదురు దిశలో వెళ్లే దారిలో, ఉంది. అతను ఎడమ చేత్తో కంట్రోల్, కుడి భుజానికి చెవికి మధ్య ఫోన్ పెట్టుకుని, కుడి చేత్తోనే గేర్ లివర్ (పంపుని నడిపే మామూలు లివర్, సీట్ల మధ్యది కాదు) కిందికి వేశాడు. హెడ్‌సెట్ ఒక వైపు తీసేసి ఉంది కాబట్టి పంపు శబ్దం వినిపించింది. నేను మళ్లీ మళ్లీ అడిగితే ఆ శబ్దాన్ని నోటితో చేసి చూపించాడు: చలికాలం పొద్దున కారు స్టార్ట్ కానప్పుడు వచ్చే మూలుగులా మొదలై, సాగి, ఆగిపోయింది. ఆ తర్వాత, చక్రాలు దిగి లాక్ అయ్యాయని చెప్పే మూడు పచ్చ లైట్లూ వెలగలేదు. గేర్ దిగలేదని చెప్పే ఎర్ర లైటూ వెలగలేదు. థ్రాటిల్ తగ్గించినప్పుడు మోగాల్సిన హారన్ కూడా మోగలేదు.

అప్పుడు అతను ఏమనుకున్నాడో అతని మాటల్లోనే రాస్తున్నాను, నోట్‌బుక్‌లో రాసుకున్నాను కాబట్టి: "బ్యాటరీ లేదు కదా మేడమ్, లైట్లు ఎలాగూ రావు అనుకున్నా. పంపు తిరిగింది, విన్నా. కాబట్టి గేర్ దిగే ఉంటుంది."

టవర్‌లో ఉన్నవాళ్లకి చక్రాలు సగం వేలాడుతున్నట్టు బైనాక్యులర్స్‌లో కనిపించింది. లైట్ గన్‌తో (రేడియో లేని విమానానికి రంగు లైటుతో సంకేతమిచ్చే దీపం) ఎర్ర లైటు చూపించారు, రెండు సార్లు. గాల్లో ఉన్న విమానానికి ఆగకుండా వెలిగే ఎర్ర లైటు చూపిస్తే ఇంకోదానికి దారి ఇవ్వు, తిరుగుతూ ఉండు అని. మెరుస్తూ ఆరుతూ ఉంటే ఎయిర్‌పోర్టు సేఫ్ కాదు, దిగొద్దు అని అర్థం. రేడియో పోయినప్పుడు పైలట్ చూడాల్సిన మొట్టమొదటి చోటు టవర్. అతను అటు చూడలేదు. చూసింది పక్కన కూర్చున్న స్నేహితుడు. "ఏదో ఎర్రగా కనిపించింది, చెప్పాలా వద్దా అనుకున్నాను, వాడు ఫోన్‌లో ఉన్నాడు, మాట్లాడొద్దన్నాడు" అని చెప్పాడు అతను. ఆ అబ్బాయి ఈ మాట చెప్తూ చాలా బాధపడ్డాడు. అతని తప్పు ఇందులో ఒక్క శాతం కూడా లేదు. ఎక్కేముందు ఏదైనా వింతగా కనిపిస్తే నేను ఏ పనిలో ఉన్నా సరే చెప్పు అని పైలట్ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

టైర్లు రన్‌వేని తాకాయి, ఒక సెకను మామూలుగానే అనిపించింది, తర్వాత చక్రాలు లోపలికి మడుచుకుపోయాయి. అతను ఆ తర్వాత చేసినవి మాత్రం అన్నీ సరిగ్గా చేశాడు. మిక్చర్ (ఇంజిన్‌కి ఫ్యూయల్ ఆపే నాబ్) లాగేశాడు, ఫ్యూయల్ సెలెక్టర్ మూసేశాడు, మాస్టర్ (మొత్తం కరెంటు స్విచ్) ఆఫ్ చేశాడు, స్నేహితుణ్ణి ముందు దించాడు.

విప్పి చూస్తే

ఆల్టర్నేటర్‌లో ఏ లోపమూ లేదు, బెంచ్ మీద పెట్టి తిప్పితే పూర్తి కరెంటు ఇచ్చింది. పోయింది దాని వెనక ఉన్న సన్నటి ఫీల్డ్ వైరు. ఆల్టర్నేటర్ తనంతట తాను కరెంటు పుట్టించలేదు, లోపలి కాయిల్‌ని అయస్కాంతంగా మార్చడానికి ఈ వైరు ద్వారా కొంచెం కరెంటు వెళ్లాలి. ఆ వైరు చివర రింగు టెర్మినల్‌ని నొక్కి బిగించిన (క్రింప్ చేసిన) చోట, ప్లాస్టిక్ స్లీవ్ లోపల తెగిపోయింది. పైకి ఏమీ కనపడదు. మా ఇంజనీరు రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే స్లీవ్‌లోంచి వైరు ఊడి చేతికొచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే రాగి పోగుల్లో చాలావాటి కొనలు నల్లబడి ఉన్నాయి, అంటే అవి ఎప్పుడో తెగినవి. మూడు నాలుగు మాత్రం మెరుస్తున్నాయి. అన్నాళ్లూ ఆ మూడు నాలుగు పోగుల మీదే ఆల్టర్నేటర్ నడిచిందన్నమాట. వైరు పక్కనున్న క్లిప్‌కి బిగించకుండా వదిలేసి ఉంది, ఇంజిన్ వణుకుకి ప్రతి గంటా అదే చోట వంగుతూ వచ్చింది. తెగిన వైరు బ్రేకర్‌ని ట్రిప్ చేయదు, ఎక్కువ కరెంటు పారితేనే బ్రేకర్ ఎగురుతుంది. అందుకే అతను దాన్ని ఎన్నిసార్లు నొక్కినా ఫలితం లేదు.

బ్యాటరీని ఛార్జ్ చేసి కెపాసిటీ టెస్ట్ పెడితే ఉండాల్సిన దాంట్లో 60 శాతమే వచ్చింది. రోజూ ఇంజిన్ స్టార్ట్ చేయడానికి అది చాలు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. స్టార్ట్ చేయడానికి కొన్ని సెకన్లు శక్తి ఇవ్వడం వేరు, ఆల్టర్నేటర్ లేకుండా అరగంట లోడ్ మోసి చివర్లో గేర్ పంపుని తిప్పడం వేరు. విమానంలో ఎక్కువ కరెంటు తాగే వాటిలో ఆ పంపు ఒకటి, రేడియోలు దాని ముందు లెక్కలోకి రావు.

ఇక గేర్. రన్‌వే ఖాళీ చేయాలి కాబట్టి క్రేన్ తెప్పించి, రెక్కల కింద పట్టీలు వేసి విమానాన్ని పైకి లేపారు. చక్రాలు సగం మడుచుకుని వేలాడుతున్నాయి. నేను తలుపులోంచి లోపలికి వంగి, సీట్ల మధ్య ఉన్న ఆ చిన్న లివర్‌ని కిందికి నొక్కాను. టక్, టక్ అని రెండు మెయిన్ చక్రాలు, అర సెకను ఆగి ముక్కు చక్రం, మూడూ లాక్ అయ్యాయి. తర్వాత విమానాన్ని దాని చక్రాల మీదే లాక్కుంటూ హ్యాంగర్‌కి తీసుకెళ్లాం. పైలట్ ఆ పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆ లివర్ అతని మోకాలికి జానెడు దూరంలో ఉండింది. నేనా క్షణంలో అతని వైపు చూడలేకపోయాను.

ఎందుకు చేయి అటు పోలేదు

క్లబ్‌లో చాలామంది చెప్పిన జవాబు ఒకటే: చెక్‌లిస్ట్ చదవలేదు. నిజమే, చదవలేదు. కానీ చదివి ఉంటే ఏమయ్యేది? ఆ కార్డు తెచ్చి టేబుల్ మీద పెట్టాం. ఆల్టర్నేటర్ ఫెయిల్యూర్ పేజీలో లోడ్ తగ్గించు, బ్రేకర్ చూడు, స్విచ్ ఒకసారి రీసెట్ చెయ్యి, రాకపోతే వీలైనంత త్వరగా దిగు అని ఉంది. గేర్ అన్న మాటే లేదు. గేర్‌ని ఎమర్జెన్సీగా దించే పద్ధతి నాలుగు పేజీల తర్వాత ఉంది, పైన "గేర్ లైట్ ఎర్రగా ఉంటే" అని శీర్షిక. బ్యాటరీ చచ్చిపోయిన విమానంలో ఎర్ర లైటు ఎక్కడి నుంచి వస్తుంది?

నా శిక్షణలోనూ సరిగ్గా ఇదే లోటు ఉంది, రెండో ఇన్‌స్ట్రక్టర్ పట్టుకున్నది దీన్నే. ఆల్టర్నేటర్ ఫెయిల్యూర్ ఒక రోజు నేర్పాను, గేర్‌ని చేత్తో దించడం ఇంకో రోజు నేర్పాను. రెండోది నేర్పేటప్పుడు ప్రతిసారీ పంపు బ్రేకర్ నేనే లాగేదాన్ని, ఎర్ర లైటు వెలిగేది, "గేర్ రాలేదు, ఏం చేస్తావ్?" అని నేనే అడిగేదాన్ని. అతను చక్కగా చేసేవాడు. అంటే ఎర్ర లైటు చూసినా, నా గొంతు విన్నా లివర్ నొక్కడం అతనికి బాగా అలవాటైంది. ఆ రోజు లైటూ లేదు, నేనూ లేను. ఉన్నదల్లా చీకటి ప్యానెల్, ఆ చీకటికి అతని దగ్గర అప్పటికే ఒక కారణం తయారుగా ఉంది. మొదటి లోపం రెండో లోపాన్ని కప్పేసింది. మొదటిది జరిగితే రెండోది దాదాపు తప్పకుండా వెంట వస్తుందని అతనికి ఎవరూ చెప్పలేదు, నేను చెప్పలేదు.

ధ్యాస మళ్లడం అన్న మాట మనం తేలిగ్గా వాడేస్తాం, పైలట్ ఏదో పరధ్యానంలో ఉన్నట్టు. ఇతను పరధ్యానంలో లేడు, ఒళ్లంతా కళ్లు చేసుకుని పనిచేస్తున్నాడు. కాకపోతే ఆ పనంతా ఎక్కువ గోల చేస్తున్న సమస్య మీద పెట్టాడు. రేడియో పోతే చెవులకి తెలుస్తుంది, టవర్ వాళ్లు ఏమంటారో అన్న భయం పుడుతుంది. చక్రాలు దిగకపోతే ఏ శబ్దమూ రాదు. మామూలుగా గేర్ దిగితే విమానం కొంచెం వణుకుతుంది, గాలి అడ్డంపడి స్పీడ్ తగ్గుతుంది, ఈ రకంలో అది స్పష్టంగా తెలుస్తుంది. ట్యాబ్లెట్ రికార్డులో డౌన్‌విండ్‌లో స్పీడ్ తగ్గాల్సినంత తగ్గలేదు, బేస్‌లో (రన్‌వే వైపు తిరగబోయే ముందు మలుపులో) అతను పవర్ ఇంకా తీయాల్సి వచ్చింది. ఆ సంగతి చేతులకి తెలిసే ఉంటుంది, కానీ భుజం మీద ఫోన్ ఉంది.

పెద్ద విమానాల చరిత్రలో ఇది కొత్త కాదు. 1972 డిసెంబర్ 29న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 మయామి దగ్గర దిగబోతుండగా ముక్కు చక్రం పచ్చ లైటు వెలగలేదు. సిబ్బంది అంతా ఆ బల్బు సంగతి చూస్తుండగా ఆటోపైలట్ ఎత్తు పట్టి ఉంచడం మానేసింది, ఎవరూ గమనించలేదు, విమానం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో కూలి 101 మంది చనిపోయారు. ఆ చక్రం నిజానికి దిగే ఉంది, బల్బులు మాడిపోయాయంతే. 1978 డిసెంబర్ 28న యునైటెడ్ 173 పోర్ట్‌లాండ్ దగ్గర గేర్ సమస్య గురించి దాదాపు గంటసేపు చక్కర్లు కొట్టి ఫ్యూయల్ అయిపోయి కూలింది, 10 మంది పోయారు. ఈ రెండూ ప్రతి క్లాసులో చెప్తాం. మా కేసుని వాటి పక్కన పెడితే నాకు కనిపించేది ఒకటుంది: అక్కడ వెలగని లైటుని అతిగా పట్టించుకున్నారు, ఇక్కడ అసలు పట్టించుకోలేదు. దిశ ఒకదానికొకటి ఎదురు, కానీ రెండు చోట్లా విమానం ఏం చేస్తోందో చూసేవాళ్లు మాత్రం లేరు. నా విద్యార్థులకి ఈస్టర్న్ కథ చెప్పి, "లైటు గురించి మరీ కంగారు పడొద్దు" అని చెప్పిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ మాట ఇప్పుడు అలా చెప్పను.

మేం మార్చినవి

కార్డు మార్చాం. ఆల్టర్నేటర్ పేజీలో మూడో లైనుగా, పెద్ద అక్షరాలతో: గేర్‌ని పంపుతో కాకుండా లివర్‌తోనే దించు, లైట్లు వెలగకపోతే దిగనట్టే లెక్క. లైట్లు లేనప్పుడు టవర్ పక్క నుంచి తక్కువ ఎత్తులో ఒకసారి వెళ్లి, వాళ్ల లైట్ గన్ చూసి, అప్పుడే ల్యాండింగ్ గురించి ఆలోచించమని దాని కింద రాశాం. మాస్టర్ స్విచ్ గురించి మాలో మాకు వాదన జరిగింది. మంచి వాతావరణంలో, పగలు, మాస్టర్ మొత్తం ఆఫ్ చేసేసి, ఎయిర్‌పోర్టు దగ్గరికొచ్చాక ఆన్ చేస్తే ఉన్న బ్యాటరీ రేడియోకి మిగులుతుంది అని నా వాదన. ట్రాన్స్‌పాండర్ లేకుండా అంతసేపు వెళ్లడం మంచిది కాదని ఇంకొకరి వాదన, అదీ నిజమే. చివరికి ముందు 7600 పెట్టి, టవర్‌కి విషయం చెప్పి, అప్పుడు ఆఫ్ చేయాలి అన్న దగ్గర ఒప్పుకున్నాం. రద్దీ ఉన్న చోట ఆఫ్ చేయకూడదు.

హ్యాంగర్‌లో, 100 గంటల ఇన్‌స్పెక్షన్‌లో ఆల్టర్నేటర్ వెనక వైర్లని కంటితో చూడటంతో ఆపకుండా ఒక్కొక్కటీ పట్టి లాగి చూస్తున్నారు, స్లీవ్ జరిపి క్రింప్ చూస్తున్నారు. బ్యాటరీ కెపాసిటీ టెస్ట్ మా విమానాలన్నింటికీ పెట్టాం, ఇంకో దాంట్లో కూడా బ్యాటరీ బలహీనంగా ఉందని తేలి మార్చేశాం.

శిక్షణలో ఇప్పుడు రెండు పాఠాలూ ఒకే ఫ్లైట్‌లో. ఆల్టర్నేటర్ పోయిందని చెప్పి, ఇరవై నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటాను. దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే సర్క్యూట్‌లోకి వచ్చేముందు గేర్ లైట్ల మీద నల్ల టేపు అంటిస్తాను, పంపు బ్రేకర్ లాగేస్తాను. ఆపై నేను అడగను. ఈ రకం నడిపే మా క్లబ్ పైలట్లు ఆరుగురితో ఇది చేశాం. నలుగురు తమంతట తామే లివర్ దగ్గరికి వెళ్లారు. ఇద్దరు వెళ్లలేదు, ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగుతుండగా, నేనే గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేపు) చెప్పాల్సి వచ్చింది. ఆ ఇద్దరూ ఈ ప్రమాదం గురించి మీటింగ్‌లో విన్నవాళ్లే, కొత్త కార్డు చదివినవాళ్లే. అందులో ఒకరు నాకంటే ఎక్కువ గంటలున్నవారు.

ఆ ఇద్దరితో మళ్లీ వచ్చే వారం ఎగరాలి. కార్డు ఇప్పుడు సీటు జేబులో ఉంటోంది, దాన్ని తీసి ఆ లివర్ కప్పు మీదే అతికించాలని మా ఇంజనీరు అంటున్నాడు. అలా చేస్తే కంటికి పడుతుందా, లేక నాలుగు ఫ్లైట్ల తర్వాత అదీ ప్యానెల్లో కలిసిపోతుందా అన్నది ఆ ఇద్దరితో చేసి చూస్తాం. ఆ రోజు పొట్ట మీద దిగిన పైలట్ కూడా వెనక సీట్లో కూర్చుని చూస్తానని అడిగాడు, రమ్మన్నాను.